ఒక్క నిమిషం, తాతా

గాల్లో ఉన్న మనిషిని వదిలేసి ఎవరైనా ఎలా వెళ్తారో మీరే చెప్పండి.

మా వృద్ధుల హోమ్‌లో కాళ్ళు నిలవని పెద్దవాళ్ళని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి ఒక యంత్రం ఉంది. హాయిస్ట్ అంటాం. గుడ్డ ఉయ్యాలలో కూర్చోబెట్టి, మీట నొక్కి పైకి లేపుతాం. ఇద్దరు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. మీట దగ్గర ఒకరు, మనిషి దగ్గర ఒకరు. ఆ ఆదివారం భోజనాలయ్యాక డల్సీ గారిని అలాగే లేపాం, నేనూ వసీతీ. అప్పుడే ఎదురు గదిలోంచి గంట మోగింది. క్లారీ తాత.

"అమ్మాయ్! బాత్రూమ్!" అని కేక.

"ఒక్క నిమిషం, తాతా!" అంది వసీతి, డల్సీ గారి మోకాళ్ళు పట్టుకుని.

పొద్దుణ్ణించి సాయంత్రం దాకా మా హోమ్‌లో ఎక్కువగా వినిపించే మాట అదే. అందరం అంటాం. గంట మళ్ళీ మోగింది. ఉయ్యాల పట్టీ ఒకటి మెలిపడింది. సరిచేయకుండా దింపితే డల్సీ గారు జారిపోతారు. వేళ్ళు ఆడటం లేదు, గంట ఆగటం లేదు. తర్వాత ఆగింది. గంట ఆగితే కొత్తవాళ్ళు అమ్మయ్య అనుకుంటారు. పాతదాన్ని కనక నేను చెవి ఎదురు గది వైపు ఒగ్గాను. ముందు తాత పట్టుకుని నడిచే ఫ్రేమ్ పడ్డ చప్పుడు, ఆ వెంటనే మనిషి పడ్డ చప్పుడు.

క్లారీ డగ్గన్ జీవితమంతా చెరకు మిల్లులో బాయిలర్ల దగ్గర పనిచేసిన మనిషి. ఇప్పటికీ పక్క తడుపుకోవడానికి చచ్చినా ఒప్పుకోడు. "నేనేం పసిపిల్లాణ్ణా?" అని డైపర్ తీసి మొహాన కొడతాడు. ఒంటరిగా లేవకూడదని ఆయనకీ తెలుసు. అయినా లేచాడు. తుంటి ఎముక విరిగింది. అంబులెన్స్‌లోకి ఎక్కిస్తుంటే వసీతి చెయ్యి పట్టుకుని, "వస్తానన్నావు కదమ్మా," అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నిజానికి నాది ఆ వింగ్ కాదు, పక్క వింగ్. వసీతితో ఉండాల్సిన మనిషికి ఒంట్లో బాగోలేదని పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఆమె బదులు ఎవరినీ పిలవలేదు. "పక్కనే మెరీ ఉందిగా, సర్దుకోండి," అంది మా మేనేజర్ కెరిన్. నా పేరు మెరెసేని. నేనీ ఊరొచ్చి నా పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకునేంత కాలమైంది, ఇంకా వీళ్ళ నోరు తిరగలేదు. సరే, మెరీయే అనుకోండి. సర్దుకోవడమంటే ఏమిటంటే, నా వింగ్‌లోనూ నేనున్నట్టే లెక్క, వసీతి వింగ్‌లోనూ నేనున్నట్టే లెక్క. నేనేమన్నా రెండు తలలదాన్నా?

ఆ సాయంత్రమే కెరిన్ పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చీ రాగానే ఇద్దర్నీ తన గదిలో నిలబెట్టింది.

"క్లారీ వాళ్ళింట్లో ఎవరితోనూ మీరేం మాట్లాడొద్దు. మాట్లాడాల్సింది ఆఫీసు. ఇంకో సంగతి. ఇవాళ డ్యూటీలో మనుషులు సరిపడా ఉన్నారు. అది గుర్తుపెట్టుకోండి."

"ఎక్కడున్నారు? చూపించు, నేనూ చూస్తాను," అన్నాను.

"మెరీ, మళ్ళీ మొదలెట్టకు."

"మొదలెట్టడమేమిటి! ఆ గంట మోగుతుంటే ఈ రెండు చేతులూ..."

"మనుషులు సరిపడా ఉన్నారు," అంది మళ్ళీ, బల్ల వైపు చూస్తూ.

ఆమె తిప్పలు ఆమెవి, కాదనను. రాని మనిషి బదులు ఇంకొకర్ని పిలిస్తే, ఎందుకు పిలిచావని పై ఆఫీసు వాళ్ళు ఫోన్‌లో వాయించేస్తారు. కళ్ళ కింద నల్లగా ఎప్పుడూ నిద్ర చాలనట్టే ఉంటుంది. అయినా నాకు జాలి వేయలేదు. ఇప్పుడూ వేయదు.

వసీతి మా పెదనాన్న మనవరాలు. నన్ను అత్తా అంటుంది, నా ఇంట్లోనే ఉంటుంది. కిందటేడే ఫిజీలో మా దీవి నుంచి వచ్చింది. వచ్చింది ఈ హోమ్ పేరు మీద వీసాతో. హోమ్ వద్దంటే వీసా ఉండదు, మర్నాడు విమానమే. ఆ పూట అన్నం ముట్టలేదు. కాసేపటికి మంచం కింద నుంచి చాప చుట్ట లాగింది. అంచంతా రంగురంగుల ఊలు కుచ్చులు. దాని పెళ్ళికని వాళ్ళమ్మ అల్లి పంపిన చాప అది.

"అత్తా, రేపు నాతో రావాలి. నోలీన్ గారింటికి."

నోలీన్ అంటే క్లారీ తాత కూతురు. చాప చూడగానే సంగతి అర్థమైంది. మా ఊళ్ళో మన వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే చాపా, దంచి నీళ్ళలో కలుపుకుని తాగే కావా వేరూ పట్టుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నేలమీద కూర్చుంటాం. తప్పు చేసినవాళ్ళు నోరెత్తకూడదు. ఇంటి పెద్ద మాట్లాడాలి. అందులో సాకులుండవు, సంజాయిషీలుండవు. అవి వచ్చాయంటే క్షమించమని అడిగినట్టు కాదు, తగువుకి వెళ్ళినట్టు. అవతలివాళ్ళు చాప తీసుకున్నారంటే కోపం దించుకున్నట్టే.

నాకు ఒళ్ళు మండింది. "పిచ్చిగానీ పట్టిందా నీకు? నిన్నొక్కదాన్నీ అక్కడ వదిలింది ఎవరు? వెళ్ళి కూర్చోవలసింది ఎవరు? ఆ కెరిన్‌ని కూర్చోమను, చాప నేనిస్తాను!"

"ఒక్క నిమిషం అన్నాను అత్తా. ఆయన నమ్మి ఎదురుచూశాడు. నేను వెళ్ళలేదు. ఆ మాట నాదే కదా?"

"ఎలా వెళ్తావే? డల్సీ గారిని గాల్లో ఊపుకుంటూ వెళ్తావా?"

"ఆ సంగతి ఆయనకెందుకు?"

దానికి పాతికేళ్ళు కూడా లేవు, మాట్లాడితే మా నాయనమ్మ మాట్లాడినట్టుంటుంది. తిడుతూనే ఇస్త్రీ పెట్టె తీసి నా మంచి గౌను ఇస్త్రీ చేసుకున్నాను.

మర్నాడు వెళ్ళేసరికి నోలీన్ షెడ్డులో ట్రక్కు బానెట్ ఎత్తి ఏదో విప్పుతోంది. అరవై ఏళ్ళ మనిషి, చేతులకి మోచేతుల దాకా గ్రీజు. డ్యూటీ బట్టల్లో లేని మమ్మల్ని పోల్చుకోలేక, చాప చుట్టా మా గౌన్లూ చూసి, "చర్చి వాళ్ళయితే నాకేం వద్దమ్మా, పోయినవారం ఇంకెవరో వచ్చి పుస్తకాలిచ్చి వెళ్ళారు," అంది. అప్పటికే వసీతి కాంక్రీట్ మీద కూర్చుని తల వంచేసింది. నేనూ మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను.

"అయ్యో, ఇదేమిటి! లేవండి, కాంక్రీట్ కాలిపోతోంది."

"లేవకూడదు నోలీన్. విను. మేం తల వంచుకుని వచ్చాం. మీ నాన్న మా చేతుల్లో ఉండగా ఆయనకి దెబ్బ తగిలింది. అది మా ఇంటి తప్పు. మా మీద కోపం దించుకోమని అడుగుతున్నాం."

చాపా కావా ముందుకు జరిపాను. ఎక్కణ్ణించో వాళ్ళ కుక్క వచ్చి వసీతి చెవి నాకడం మొదలుపెట్టింది. మా పిల్ల కదిలితే ఒట్టు. నోలీన్ స్పానర్ చేత్తో పట్టుకుని మమ్మల్నీ కుక్కనీ చూస్తూ నిలబడింది. తర్వాత గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుని, చాప అందుకుని, రొమ్ముకి ఆనించుకుని ఏడ్చేసింది.

"ఒక్కరు ఫోన్ కూడా చేయలేదు తెలుసా. ఆసుపత్రి వాళ్ళు చెప్తే తెలిసింది నాకు. టీ పెడతాను, లోపలికి రండి. అసలు ఏం జరిగిందో చెప్పండి."

అదిగో, అక్కడ వచ్చింది నా కష్టం. కెరిన్ పేరు, రాని మనిషి, రెండు వింగులకి ఒక్క మెరీ, అన్నీ నాలుక చివర తోసుకుంటూ వచ్చి నిలబడ్డాయి. వసీతి నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"ఆయన పిలిచారు. మేం వెళ్ళలేదు," అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను అంత చిన్న జవాబు ఇవ్వడం అదే మొదటిసారి.

నోలీన్ మంచి మనిషి. మంచి మనుషులతోనే వస్తుంది చిక్కంతా. మేం ఇల్లు చేరకముందే హోమ్‌కి ఫోన్ చేసి, "ఆ పిల్లని ఏమీ అనకండి, తప్పయిపోయిందని ఇంటికొచ్చి మరీ చెప్పింది, అలాంటి పిల్ల మీకు దొరకదు," అందట. కెరిన్‌కి కావలసింది సరిగ్గా అదే. మంగళవారం వసీతిని పిలిచి, "తప్పు నీదేనని ఒప్పుకున్నావు కదా, ఇంక మేం చేసేదేముంది," అని డ్యూటీ ఆపేసింది. శుక్రవారం పై ఆఫీసు నుంచి పెద్దమనిషి వస్తాడు, నోలీన్‌ని కూడా పిలిచి ఆమె ఎదురుగానే సంగతి తేలుస్తారు అని చెప్పింది. తేల్చడమంటే ఏమిటో మాకు తెలియదా? విమానం టికెట్.

ఇంటికొచ్చి ఫోన్ తీశాను. "నోలీన్‌కి ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నా."

వసీతి ఫోన్ లాక్కుంది. "చెప్పావంటే పెట్టిన చాప వెనక్కి లాక్కున్నట్టే అత్తా."

"వీసా పోతుందే పిచ్చిదానా!"

"పోనీ. వెళ్ళి అమ్మకి మొహం చూపించగలను. ఉత్తుత్తి క్షమాపణ అడిగొచ్చానంటే ఆ మొహం చూపించలేను."

ఆ రెండు రోజులూ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. కసావా దుంపలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి గిన్నె మాడ్చాను. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను. మా ఆయన ఏదో అడగబోయి నా మొహం చూసి షెడ్డులోకి పోయాడు. హోమ్‌లో ఇంకా అన్యాయం. వసీతి బదులు ఏజెన్సీ నుంచి ఒక పిల్ల వచ్చింది. మంచిదే, కానీ ఎవరి సంగతీ తెలియదు. డల్సీ గారికి కుడి చెవి వినపడదని ఎవరూ చెప్పలేదు. కుడివైపే నిలబడి టీ చల్లారిపోయేదాకా పిలిచి, "ఆవిడ తాగనంటోంది," అని కప్పు పట్టుకుపోయింది. ఒక చోట నేను ఎవరికో చొక్కా తొడుగుతుంటే రెండు చోట్ల గంటలు. పరిగెత్తుతూ నేనూ "ఒక్క నిమిషం" అంటున్నాను. అంటుంటే నా గొంతు నాకే ఎబ్బెట్టుగా వినిపించేది.

శుక్రవారం పొద్దున్న వసీతి చర్చికి వేసుకునే తెల్ల గౌను వేసుకుంది. దానికి తోడుగా ఒకరు రావచ్చన్నారు. ఆ పూట నాకు డ్యూటీయే, నా బదులు ఎవరినీ పెట్టలేదు, అయినా నేనే వెళ్ళాను. కెరిన్ గదిలో బల్లకి అటు కెరినూ, స్టూవర్ట్ అనే ఆ పెద్దమనిషీ. ఇటు మేం. పక్కన నోలీన్, ఎందుకు పిలిచారో తెలియక చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వసీతి ముందు ఒక కాగితం, దాని మీద పెన్ను.

"ఇది శిక్షేం కాదు వసీతీ," అన్నాడు స్టూవర్ట్, మెత్తని గొంతుతో. "మన ఒప్పందం ముగుస్తోంది, అంతే."

"ఇంటికి పంపేయడమేగా?" అన్నాను.

"మెరీ, నువ్వు తోడుకి వచ్చావు, మాట్లాడటానికి కాదు," అంది కెరిన్.

నోలీన్ తలెత్తింది. "ఇంటికి పంపడమా? ఏమీ అనొద్దని నేను చెప్పానే!"

"మీ మంచితనం అది. మాకు కొన్ని పద్ధతులుంటాయి," అన్నాడు స్టూవర్ట్. "వసీతీ, క్లారీ గారు గంట కొట్టినప్పుడు నీకు వినిపించిందా?"

"వినిపించింది."

"వెళ్ళావా?"

"లేదు."

"ఎందుకు వెళ్ళలేదో ఏమైనా చెప్పుకుంటావా?"

వసీతి ఒకసారి నోలీన్ వైపు చూసింది. "లేదండీ."

బల్ల కింద నా గౌను అంచు పిండేస్తున్నాను. నోరు తెరిస్తే దీని పరువు పోతుంది, తెరవకపోతే దీని బతుకు పోతుంది. ఇలాంటి చోట ఇరుక్కోవడం పగవాళ్ళకి కూడా వద్దు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి ఏడుపు నీళ్ళు కూడా కావు, కోపం.

అప్పుడే కారిడార్‌లో గంట మోగింది.

కెరిన్ తలుపు వైపు చూసి, కుర్చీ ముందుకు జరుపుకుంది. "అక్కడ మనుషులున్నారు, చూసుకుంటారు. స్టూవర్ట్, కానివ్వండి."

స్టూవర్ట్ ఏదో చదువుతున్నాడు. గంట మోగుతోంది. ఇంకో గదిలో ఇంకో గంట కలిసింది. వసీతి కుర్చీ అంచుకి వచ్చేసింది, పాదాలు చెప్పుల్లోంచి బయటికొచ్చాయి. నేనూ లేవబోయాను, కెరిన్ కళ్ళతోనే కూర్చోమంది. స్టూవర్ట్ గొంతు పెంచి చదువుతున్నాడు.

"ఎవరూ వెళ్ళరా?" అంది నోలీన్.

"వెళ్తారు, వెళ్తారు."

నోలీన్ ఇంకాసేపు చూసింది. తర్వాత లేచి, సంచీ కుర్చీలో పడేసి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. బయట ఆమె బూట్ల చప్పుడు అటు వెళ్ళి, ఇటు వచ్చింది, నడకలా లేదు. తలుపు దగ్గరే నిలబడి రొప్పుతూ చెప్పింది.

"ఆ గదిలో ముసలావిడ గాల్లో వేలాడుతోంది. ఒక్క పిల్ల పట్టుకుని ఏడుస్తోంది, దింపలేకపోతోంది. నాన్న గది పక్కన ఎవరో పిలుస్తున్నారు. కారిడార్ ఈ చివర్నించి ఆ చివరిదాకా చూశాను, పురుగు లేదు. ఆ పిల్లకి తోడు ఉండాల్సిన మనిషెక్కడ?"

వసీతి ఆమె పక్కనుంచి దూరి పరుగెత్తింది. చెప్పులు బల్ల కిందే ఉన్నాయి.

"ఆ మనిషి ఇదిగో, నేనే, ఇక్కడ కూర్చున్నాను," అన్నాను. అది ఇవాళ్టి సంగతి, ఆదివారం సంగతి కాదు. ఇవాళ్టి సంగతి చెప్పొద్దని నాకెవరూ చెప్పలేదు.

నోలీన్ నన్ను చూసింది. ఖాళీ కుర్చీని చూసింది. "ఆదివారం కూడా ఇంతేనా మెరీ?"

నేను తల వంచుకున్నాను. మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం నాలాంటి దానికి ఎంత నరకమో మా ఆయన్ని అడగండి. నోరు మూసుకున్న మెరీని చూశాక నోలీన్‌కి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. చాప తీసుకున్నది ఆమె, మాట్లాడే హక్కు ఇప్పుడు ఆమెది. ఆ ముక్క నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"కెరిన్," అంది నోలీన్, కూర్చోకుండానే. "వీళ్ళిద్దరూ మా ఇంటికొచ్చి కాలే కాంక్రీట్ మీద కూర్చున్నారు. మీ తరఫున ఎవరొస్తున్నారు?"

కెరిన్ స్టూవర్ట్ వైపు చూసింది. స్టూవర్టే అందుకున్నాడు. "తప్పకుండా మేడమ్. మా విచారం తెలియజేస్తూ మీ నాన్నగారి పేరున ఉత్తరం పంపిస్తాం."

"ఆయన చదవలేడు. కళ్ళజోడు కూడా ఆ రోజే మీ నేలమీద పగిలింది. కొత్తది కావాలా అని ఇక్కణ్ణించి ఒక్కరు అడగలేదు. పైకప్పు చూస్తూ పడుకుని, నేనేం తప్పు చేశానే అని నన్నడుగుతున్నాడు." ఆమె జేబులోంచి ట్రక్కు తాళాలు తీసింది. "ఉత్తరం వద్దు. మొహం చూసి చెప్పండి. ఆసుపత్రి ఎంతో దూరం లేదు, నా ట్రక్కు బయటే ఉంది. కెరిన్, నువ్వు రా. ఇప్పుడే. పది నిమిషాలు ఆయన చెయ్యి పట్టుకుని తప్పు మాదేనని చెప్పు, ఈ పిల్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

కెరిన్ నిజంగానే లేచింది. సగం లేచి, కారిడార్ వైపు చూసి, మళ్ళీ కూర్చుంది. మొహం ఎర్రబడింది.

"రావాలనే ఉంది నోలీన్, నన్ను నమ్ము. ఎలా కదలను? నేను కూడా వెళ్ళిపోతే ఇక్కడెవరుంటారు? మనుషులు చాలడం లేదు!"

అన్నాక గానీ ఏమందో ఆమెకి తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బయట గంటల్లో ఒకటి ఆగింది, ఒకటి మోగుతోంది. "వచ్చేశా తాతా, వచ్చేశా!" అని వసీతి గొంతు వినిపించింది, ఇంకెవరి గదిలోంచో.

స్టూవర్ట్ బల్ల మీది కాగితం మెల్లగా తనవైపు లాక్కున్నాడు. రెండు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. పెన్ను మూత పెట్టాడు. ఆ తర్వాత, గదిలోకి వచ్చాక మొదటిసారి, అడగాల్సిన ప్రశ్న అడగాల్సిన మనిషిని అడిగాడు.

"కెరిన్, ఆదివారం ఆ వింగ్‌లో ఎంతమంది ఉన్నారు?"